20 ఏళ్లుగా నిలబడ్డ అపార్ట్‌మెంట్ 20 సెకన్ల ఊపుకి ఆగుతుందా?

2024 డిసెంబర్ 4న, పొద్దున్న ఏడున్నరకి కాస్త ముందు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది గుర్తుందా? వరంగల్, ఖమ్మం, హైదరాబాద్, విజయవాడ వరకూ చాలామందికి కొన్ని సెకన్ల పాటు మంచం ఎవరో పట్టుకుని కదిపినట్టు అనిపించింది. అప్పటి నుంచి మన కామెంట్స్‌లో ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. "అన్నా, మా అపార్ట్‌మెంట్ కట్టి ఇరవై ఏళ్లయింది, గోడకి చిన్న గీత కూడా పడలేదు. అంటే స్ట్రాంగ్ అన్నట్టే కదా?"

ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే. ముందే జవాబు చెప్పేస్తా. మీ బిల్డింగ్ స్ట్రాంగే కావొచ్చు. కానీ ఇరవై ఏళ్లు నిలబడటం అనేది దానికి సాక్ష్యం కాదు. ఎందుకంటే ఆ ఇరవై ఏళ్లలో మీ బిల్డింగ్ రాసింది ఒక పరీక్ష, భూకంపం పెట్టేది వేరే పరీక్ష. సిలబస్సే వేరు.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం: నేను చదివింది బీటెక్ మెకానికల్, చేసింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇప్పుడు చేస్తున్నది వీడియోలు. స్ట్రక్చరల్ ఇంజినీర్ని కాదు. మీ బిల్డింగ్ సేఫ్ అనో కాదనో చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఎవరిని ఏం అడగాలో మీకు తెలిసేలా చెప్పగలను.

ముందు ఆ మొదటి పరీక్ష చూద్దాం. దాని పేరు స్టాటిక్ లోడ్. కదలకుండా కూర్చునే బరువు అన్నమాట. కాంక్రీట్ ఒక క్యూబిక్ మీటర్ సుమారు రెండున్నర టన్నులు తూగుతుంది. అంటే ఐదంగుళాల స్లాబు, ఒక్కో చదరపు మీటరుకి 300 కిలోల పైమాట. వంద చదరపు మీటర్ల ఫ్లాట్ అనుకోండి, స్లాబు ఒక్కటే 30 టన్నులు. దాని మీద టైల్స్, గోడలు, బీరువాలు, మనం, మన చుట్టాలు. ఇళ్లకి మనుషులు, సామాన్ల కోసం చదరపు మీటరుకి దాదాపు 200 కిలోలు లెక్కేసుకుని డిజైన్ చేయమని మన కోడ్ చెబుతుంది. వంద చదరపు మీటర్లకి 20 టన్నులు! పెళ్లి బృందం మొత్తం మీ హాల్లో దిగినా ఫ్లాట్ అంతా కలిపి అంత బరువు రాదు. ఆపైన సేఫ్టీ ఫ్యాక్టర్లు వేరే ఉంటాయి.

ఈ బరువంతా ఒకటే దిక్కుకి పోతుంది. కిందకి. స్లాబు నుంచి బీముకి, బీము నుంచి పిల్లరుకి, పిల్లరు నుంచి పునాదికి. పిల్లరు నొక్కుడులో ఉంటుంది, కాంక్రీట్‌కి నొక్కుడంటే చాలా ఇష్టం. అందుకే మేస్త్రి కాస్త అటూ ఇటూ చేసినా, ఇసుక కాస్త ఎక్కువ కలిసినా చాలా బిల్డింగులు మామూలు రోజుల్లో హాయిగా నిలబడతాయి. ఇరవై ఏళ్లు కాదు, నలభై ఏళ్లు కూడా నిలబడతాయి. రోజూ అదే ప్రశ్న, రోజూ అదే జవాబు.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం చూపిస్తా. పాత పేపర్లు కొనే అతని దగ్గర కొక్కెం ఉన్న స్ప్రింగ్ కాటా ఉంటుంది కదా, అది తెచ్చాను. దీనికి ఒక కిలో కందిపప్పు ప్యాకెట్ తగిలిస్తున్నా. కింద చెయ్యి పెట్టి, మెల్లగా, చాలా మెల్లగా చెయ్యి దించుతున్నా. ముల్లు ఒకటి దగ్గర ఆగింది. ఇది స్టాటిక్. ఇప్పుడు మళ్లీ పైకి ఎత్తి, స్ప్రింగ్ అసలు సాగకుండా పట్టుకుని, ఒక్కసారిగా చెయ్యి తీసేస్తున్నా. పై నుంచి పడేయడం లేదు, గమనించండి, కేవలం వదిలేస్తున్నా. ముల్లు చూడండి... రెండు దాకా కొట్టి వెనక్కి వచ్చింది! కాసేపు పైకీ కిందకీ ఊగి, చివరికి ఒకటి దగ్గర ఆగింది.

పప్పు కిలోనే. కాటా అదే. కానీ ఒక క్షణం పాటు స్ప్రింగ్ మోసింది రెండు కిలోల దెబ్బ. లెక్క ప్రకారం కూడా ఒక్కసారిగా వచ్చిన బరువు, మెల్లగా పెట్టిన అదే బరువుకి రెట్టింపు సాగదీస్తుంది. ఎందుకంటే ప్యాకెట్ ఒకటి అనే గీత దగ్గరికి వచ్చేసరికి దానికి స్పీడ్ వచ్చేసింది. అక్కడ ఆగదు, దాటిపోతుంది. డైనమిక్ లోడ్ అంటే ఇదే. "ఎంత బరువు?" అని మాత్రమే అడిగితే సరిపోదు. "ఎంత త్వరగా వచ్చింది? మళ్లీ మళ్లీ వస్తోందా? ఏ తాళంలో వస్తోంది?" అని కూడా అడగాలి. మనం సర్వర్లకి లోడ్ టెస్ట్ చేసేటప్పుడు రోజంతా నింపాదిగా వచ్చే లక్ష మందినీ, సరిగ్గా పది గంటలకి ఒకేసారి వచ్చే లక్ష మందినీ ఒకటిగా చూడం కదా. ఇక్కడా అంతే.

మరి భూకంపంలో బిల్డింగ్‌ని తోసేదెవరు? ఇది చాలామంది తప్పుగా ఊహించుకుంటారు. బయటి నుంచి ఏ చెయ్యీ వచ్చి తొయ్యదు. ఆర్టీసీ బస్సులో నిలబడి ఉన్నారు, డ్రైవర్ ఒక్కసారిగా బండి ముందుకి లాగాడు. మీ కాళ్లు బస్సుతో పాటు ముందుకి పోయాయి, ఒళ్లు వెనకే ఉండిపోయింది. మిమ్మల్ని ఎవరూ తొయ్యలేదు, మీ బరువే మిమ్మల్ని పడేసింది. బిల్డింగూ అంతే. నేల పక్కకి జరుగుతుంది, పైనున్న వందల టన్నులు ఉన్నచోటే ఉందామని చూస్తాయి. మధ్యలో నలిగేది పిల్లర్లు. కాబట్టి బిల్డింగ్ ఎంత బరువుంటే దెబ్బ అంత ఎక్కువ. మామూలు రోజుల్లో "బరువుగా, దిట్టంగా ఉంది" అని మనం మెచ్చుకునే గుణమే ఆ రోజు ఎదురు తిరుగుతుంది. టెర్రస్ మీద తర్వాత వేసిన పెంట్‌హౌస్, ఇంకో రెండు వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకులు, అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి.

ఇక తాళం సంగతి. దీనికి ఇంట్లోనే చేయదగ్గ ప్రయోగం ఉంది. చపాతీ పిండి ముద్ద ఒకటి పళ్లేనికి గట్టిగా అతికించండి. అందులో మూడు చీపురు పుల్లలు గుచ్చండి, ఒకటి పొట్టి, ఒకటి మధ్యరకం, ఒకటి పొడుగు. ఒక్కోదాని కొనకి చిన్న గోళీ అంత పిండి పెట్టండి. ఇప్పుడు పళ్లేన్ని మెల్లగా అటూ ఇటూ ఊపండి. పొడుగుది మాత్రమే ఊగిపోతుంది, పొట్టిది ఏం పట్టనట్టు ఉంటుంది. ఊపే వేగం పెంచుతూ పోండి. పొడుగుది శాంతిస్తుంది, మధ్యది అందుకుంటుంది. ఇంకా వేగంగా... పొట్టిది వణుకుతుంది. మీ చెయ్యి ఒకటే, పళ్లెం ఒకటే. ఎవరి తాళం వస్తే వాళ్లు ఆడుతున్నారు.

ప్రతి బిల్డింగ్‌కీ ఇలాంటి సొంత తాళం ఒకటి ఉంటుంది. ఒకసారి అటు వెళ్లి ఇటు వచ్చి మళ్లీ మొదటికి రావడానికి పట్టే టైమ్. ఇంజినీర్లు నేచురల్ పీరియడ్ అంటారు. మోటు లెక్క ఏంటంటే, అంతస్తుకి 0.1 సెకను. ఐదంతస్తులకి అర సెకను, పది అంతస్తులకి ఒక సెకను, అలా. నేల ఊపు తాళం, బిల్డింగ్ తాళం కలిశాయంటే, ఉయ్యాలలో పిల్లాణ్ణి సరైన టైమ్‌కి చిన్నగా తోస్తూ ఉంటే ఏమవుతుందో అదే అవుతుంది. ప్రతి తోపుకీ ఊపు పెరుగుతుంది.

దీన్ని ప్రపంచానికి బాగా నేర్పిన ఊరు మెక్సికో సిటీ. 1985 సెప్టెంబర్ 19 పొద్దున్న 8.0 తీవ్రత భూకంపం. అది పుట్టిన చోటు పసిఫిక్ తీరంలో, ఊరికి 350 కిలోమీటర్ల పైన దూరం. మధ్యలో ఉన్న ఊళ్ల కంటే అంత దూరంలో ఉన్న ఈ ఊళ్లో ఎక్కువ నాశనం జరిగింది. వేలమంది చనిపోయారు. కారణం కాళ్ల కింద ఉంది. ఆ ఊళ్లో చాలా భాగం ఒకప్పటి టెస్కోకో చెరువు అడుగున కట్టారు. ఆ మెత్తటి బంకమట్టికి కూడా ఒక తాళం ఉంది, దాదాపు రెండు సెకన్లు. గిన్నెలో జెల్లీ ఊగినట్టు ఆ చెరువు అడుగంతా రెండు సెకన్ల తాళంలో, చాలాసేపు ఊగింది.

ఏ బిల్డింగులు పడ్డాయో తెలుసా? ఆరేడు అంతస్తుల నుంచి పదిహేను అంతస్తుల దాకా ఉన్నవే ఎక్కువ. పది అంతస్తులకి ఒక సెకను కదా, రెండు సెకన్లతో ఎలా కలిసింది అని మీకు డౌట్ రావాలి. వచ్చిందా? బిల్డింగ్ కింద నేల మెత్తగా ఉంటే తాళం కాస్త సాగుతుంది. పైగా బీటలు పడేకొద్దీ బిల్డింగ్ మెత్తబడుతుంది, మెత్తబడేకొద్దీ దాని తాళం ఇంకా నెమ్మదిస్తుంది, నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ సరిగ్గా ఆ రెండు సెకన్ల వైపే నడిచి వెళ్తుంది. దారుణం అది. అదే ఊళ్లో వందల ఏళ్ల నాటి రెండంతస్తుల పాత కట్టడాలు చాలా నిలిచాయి. 1956లో పూర్తయిన 44 అంతస్తుల టోర్రె లాటినోఅమెరికానా కూడా నిలిచింది. పొట్టి పుల్ల, పొడుగు పుల్ల బయటపడ్డాయి, మధ్య పుల్ల విరిగింది.

లండన్‌లో మిలీనియం బ్రిడ్జ్ కథ కూడా తాళం కథే, కానీ అక్కడ ఎవరికీ ఏం కాలేదు కాబట్టి త్వరగా చెప్పేస్తా. 2000 జూన్ 10న తెరిచారు. బరువు మోయడంలో దానికి ఏ లోటూ లేదు. జనం నడుస్తుంటే బ్రిడ్జి పక్కలకి కొద్దిగా ఊగింది, ఊగుతోందని జనం పడిపోకుండా అదే లయలో అడుగులు వేశారు, దాంతో ఇంకా ఊగింది. రెండు రోజుల్లో మూసేశారు. దాదాపు రెండేళ్లు పట్టింది మళ్లీ తెరవడానికి. వాళ్లు చేసింది బ్రిడ్జిని లావు చేయడం కాదు. ఊపుని మింగేసే డ్యాంపర్లు పెట్టారు, బైక్ వెనకాల షాక్ అబ్జార్బర్ లాంటివి. స్టాటిక్ సమస్యకి మందు బలం. డైనమిక్ సమస్యకి బలం ఒక్కటే మందు కాదు.

సరే, ఇప్పుడు మన అపార్ట్‌మెంట్ దగ్గరికి వద్దాం. అసలు విషయం ఇక్కడుంది.

2001 జనవరి 26, రిపబ్లిక్ డే, పొద్దున్న 8:46. గుజరాత్ కచ్‌లో 7.7 తీవ్రత. భుజ్, భచావ్ లాంటి ఊళ్లు నేలమట్టం అయ్యాయి, అది అందరికీ తెలుసు. అంతగా గుర్తులేనిది అహ్మదాబాద్. భూకంపం పుట్టిన చోటికి 200 కిలోమీటర్ల పైన దూరం. అక్కడ పదుల సంఖ్యలో అపార్ట్‌మెంట్లు కూలిపోయాయి. ఏ రకం? ఎక్కువగా మనందరికీ బాగా తెలిసిన రకమే. కింద పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు. లేదా కింద పార్కింగ్, పైన పది. కాంక్రీట్ పిల్లర్లు, ఇటుక గోడలు. ఆ పొద్దున్న దాకా వాటి మీద ఎవరికీ అనుమానం లేదు.

ఎందుకలా? మన ఊళ్లలో పొలం మధ్యలో మంచె చూశారా? నాలుగు గుంజలు, పైన పెట్టె లాంటి అర. మీ స్టిల్ట్ పార్కింగ్ అపార్ట్‌మెంట్ నిజానికి ఓ పెద్ద మంచె. మొదటి అంతస్తు నుంచి పై దాకా ప్రతి పిల్లరుకీ పిల్లరుకీ మధ్య ఇటుక గోడలున్నాయి. డ్రాయింగ్‌లో ఆ గోడలు "లోడ్ మోయవు" అని రాస్తారు, కిందకి మోయవు నిజమే. కానీ పక్కకి ఊగేటప్పుడు అవి బిగించి పట్టుకుంటాయి. కాబట్టి పై అంతస్తులన్నీ కలిసి ఒక గట్టి పెట్టె అయిపోతాయి. కింద పార్కింగ్‌లో మాత్రం గోడల్లేవు, ఉత్త పిల్లర్లు. వంగాల్సిందంతా అక్కడే వంగుతుంది.

నంబర్లలో చూద్దాం. మన భూకంప కోడ్ ఐఎస్ 1893 ప్రకారం డిజైన్ లెక్కలో ఒక అంతస్తు తన ఎత్తులో 0.4 శాతం కంటే ఎక్కువ పక్కకి జరగకూడదు. మూడు మీటర్ల అంతస్తుకి 12 మిల్లీమీటర్లు. ఉదాహరణకి ఐదంతస్తుల బిల్డింగ్ పైభాగం మొత్తం 60 మిల్లీమీటర్లు జరిగిందనుకోండి. సమానంగా పంచుకుంటే తలా 12, ఎవరికీ కష్టం లేదు. పై నాలుగూ గట్టి పెట్టె అయిపోయి వంగకపోతే? ఆ 60లో దాదాపు అంతా పార్కింగ్ పిల్లర్లే వంగాలి. పైగా మొత్తం బిల్డింగ్ బరువు వాటి నెత్తి మీదే ఉంది. పక్కకి జరిగిన పిల్లరు మీద ఆ బరువు ఇంకా పక్కకే తోస్తుంది.

మామూలు రోజుల్లో చూస్తే మాత్రం ఆ పార్కింగ్ పిల్లర్లలో ఏ లోపమూ కనపడదు. బరువు నిటారుగా కిందకి వస్తోంది, పిల్లరు మోస్తోంది. అందుకే ఇరవై ఏళ్లు గీత కూడా పడలేదు.

మా పెదనాన్న విజయవాడలో ఒక పాత ఫ్లాట్ కొందామనుకున్నప్పుడు నేను వెంట వెళ్లాను. అమ్మే ఆయన ఫ్లాట్ చూపించి, "పద్దెనిమిదేళ్ల బిల్డింగ్ బాబూ, చిన్న బీట చూపించండి, ఫ్రీగా ఇచ్చేస్తా" అన్నాడు. నేను పైన ఫ్లాట్ వదిలేసి పార్కింగ్‌లో తిరుగుతుంటే పెదనాన్నకి కోపం వచ్చింది. "ఒరేయ్, మనం ఉండేది పైన్రా, కార్లతో పాటు కాదు" అన్నాడు. స్ట్రక్చరల్ డ్రాయింగులు ఉన్నాయా అండీ అని నేను అడిగితే, అమ్మే ఆయన నన్ను వింతగా చూశాడు. "పద్దెనిమిదేళ్లుగా నిలబడ్డదానికి ఇంకా కాగితం ఎందుకు నాన్నా?" అన్నాడు. ఆయన అబద్ధమేం చెప్పలేదు. బీట నిజంగానే లేదు. పదో తరగతి మార్కుల మెమో చూపించి ఈత వచ్చు అంటున్నాడు, అంతే.

విజయవాడ అన్నాను కాబట్టి ఒక లెక్క. ఐఎస్ 1893 కోడ్ 2016 వెర్షన్‌లో విజయవాడ జోన్ 3, హైదరాబాద్, విశాఖపట్నం జోన్ 2. ఒక్కో జోన్‌కీ ఒక నంబర్ ఉంటుంది, జోన్ 3కి 0.16. డిజైన్‌కి అందులో సగం తీసుకుంటారు, 0.08. ఐదంతస్తుల బిల్డింగ్ తాళం దగ్గర నేల ఊపు కంటే బిల్డింగ్ ఊపు రెండున్నర రెట్లు ఉంటుందని కోడ్ లెక్కేస్తుంది. ఇందాక చీపురు పుల్లల్లో చూసిందే. 0.08 ఇంటూ 2.5, అంటే 0.20. బిల్డింగ్ బరువులో 20 శాతం పక్కకి తోస్తుంది. బిల్డింగ్ 2000 టన్నులు అనుకుంటే 400 టన్నులు, పక్కకి!

ఇప్పుడు అసలు ట్విస్ట్. కోడ్ ఆ 400 టన్నులకి డిజైన్ చేయమనదు. దాన్ని ఐదుతో భాగించి, 80 టన్నులకి చేస్తే చాలు అంటుంది. నాలుగు శాతం. మొదటిసారి ఇది చదివినప్పుడు ప్రింటింగ్ పొరపాటేమో అనుకుంటారు ఎవరైనా. కాదు, కావాలనే అలా పెట్టారు. ఎప్పుడో వచ్చే పెద్ద భూకంపానికి చెక్కు చెదరకుండా ప్రతి ఇల్లూ కట్టాలంటే ఖర్చు భరించలేం. కాబట్టి కోడ్ ఒక ఒప్పందం కుదుర్చుకుంటుంది. "నీకు ఐదు వంతుల్లో నాలుగు వంతులు డిస్కౌంట్ ఇస్తున్నా. బదులుగా, బిల్డింగ్ విరగకుండా వంగేలా కట్టు. బీటలు పడనీ, ప్లాస్టర్ రాలనీ, తర్వాత పడగొట్టాల్సి వచ్చినా పర్లేదు. లోపల మనుషులు బయటికి వచ్చేదాకా కూలకూడదు." సుద్దముక్క వంచితే టప్పున విరుగుతుంది. బైండింగ్ వైరు వంచితే వంగి అలాగే ఉంటుంది, వంగుతూ ఊపులోని శక్తిని మింగుతుంది. పిల్లరు సుద్దముక్కలా కాకుండా వైరులా ప్రవర్తించాలి. దీన్ని డక్టిలిటీ అంటారు.

కాంక్రీట్ పిల్లరుకి ఆ గుణం ఎక్కడి నుంచి వస్తుంది? నిలువు రాడ్ల నుంచి కొంత. కానీ అసలు హీరో రింగులు. సైట్లో రింగులు అంటాం కదా, నిలువు రాడ్ల చుట్టూ కట్టే చతురస్రాలు, అవే. ఊపులో కాంక్రీట్ నలిగి బయటికి చిట్లిపోవాలని చూస్తుంది. రింగు దాన్ని నడికట్టులా బిగించి పట్టుకుంటుంది. దీనికి వేరే కోడ్ ఉంది, ఐఎస్ 13920. జోన్ 3, ఆ పైన తప్పనిసరి. అందులో రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, పిల్లరు బీముని కలిసే చోటికి దగ్గర్లో, కిందా పైనా, రింగుకీ రింగుకీ మధ్య 100 మిల్లీమీటర్లు మించకూడదు. రెండు, రింగు కొన 135 డిగ్రీలు వంచి, కాంక్రీట్ లోపలికి గుచ్చుకునేలా ఉండాలి. మామూలుగా ఎల్ ఆకారంలో 90 డిగ్రీలు వంచి వదిలేస్తే, పైన కాంక్రీట్ పొర రాలగానే ఆ కొక్కెం తెరుచుకుంటుంది. రింగు తెరుచుకుంటే ఒప్పందం రద్దు. డిస్కౌంట్ తీసుకున్నాం, బదులుగా ఇస్తామన్నది ఇవ్వలేదు.

సెంట్రింగ్ కొట్టి కాంక్రీట్ పోసేశాక ఆ కొక్కెం ఎవరికీ కనపడదు. మామూలు రోజుల్లో దాని అవసరం కూడా రాదు. పద్దెనిమిదేళ్లు అది 90 డిగ్రీలే ఉన్నా బిల్డింగ్ చక్కగా నిలబడుతుంది. నా దృష్టిలో మొత్తం కట్టుబడిలో ఇంత తక్కువ ఖర్చుకి ఇంత ఎక్కువ ప్రాణాలు కాపాడే వస్తువు ఇంకోటి లేదు, ఇంత ఈజీగా ఎగ్గొట్టే వస్తువూ ఇంకోటి లేదు. సొంతిల్లు కడుతుంటే స్లాబు రోజు సెల్ఫీ దిగే ముందు పిల్లర్ల రింగుల కొక్కేలు ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంకో అలవాటు, తొమ్మిదంగుళాల పిల్లర్లు. గోడలో కలిసిపోవాలి, హాల్లో మూల పొడుచుకు రాకూడదు అని పిల్లరు వెడల్పు తొమ్మిదంగుళాలే పెడతారు. అంటే 230 మిల్లీమీటర్లు. 2016 నాటి 13920 ప్రకారం పిల్లరు ఏ వైపైనా 300 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉండకూడదు. పాత బిల్డింగ్ అయితే అప్పటి రూల్ వేరు, అది ఒప్పుకుంటాను. కానీ ఫిజిక్స్ వేరు కాదు.

భుజ్ తర్వాత రూల్స్ మారాయి. 2002లో వచ్చిన 1893 వెర్షన్, కింద అంతస్తు ఓపెన్‌గా ఉంటే అక్కడి పిల్లర్లని, బీములని మామూలు లెక్క కంటే రెండున్నర రెట్ల బలానికి డిజైన్ చేసే దారి చూపించింది. 2016 వెర్షన్ ఇంకో అడుగు ముందుకేసి, ఓపెన్ అంతస్తులో కాంక్రీట్ గోడలో, బ్రేసింగులో పెట్టి దాన్ని గట్టిపరచమంది. అంటే పార్కింగ్ మానేయమని కాదు. కొన్ని పిల్లర్ల మధ్య మాత్రం గోడ ఉండాలి, అది రెండు దిక్కుల్లోనూ, వీలైనంత సమానంగా. అన్నీ ఒక మూలనే పెడితే బిల్డింగ్ మెలి తిరుగుతుంది, అది ఇంకో గొడవ.

అయితే పెదనాన్నతో పార్కింగ్‌లో నేను ఏం చూశాను? మొదట లిఫ్ట్ చుట్టూ, మెట్ల చుట్టూ ఉన్న గోడ. అది కాంక్రీట్ గోడా, ఉత్త ఇటుకా? కాంక్రీట్ అయితే ఊపులో కొంత భారం అది తీసుకుంటుంది. తర్వాత పై అంతస్తు పిల్లర్లన్నీ కిందదాకా వచ్చాయా అని చూశాను. కొన్ని బిల్డింగుల్లో బాల్కనీ కోసం పిల్లరుని కొంచెం బయటికి జరిపి, మొదటి అంతస్తు బీము మీదే మొదలుపెడతారు. గాల్లో తేలే పిల్లరు. మామూలు రోజుల్లో ఆ బీము మోస్తుంది, ఊపులో దారి తెగిపోతుంది. ఆ తర్వాత, వాచ్‌మన్ గది కోసమో జనరేటర్ కోసమో పిల్లరు సగం ఎత్తుదాకా కట్టిన గోడలు. ఇవి మంచివే అనిపిస్తాయి కదా? కాదు. పిల్లరులో వంగగలిగే భాగం సగమైతే దాని బిగుతు రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు అవుతుంది. బిగుతు ఉన్నవాడి మీదకే దెబ్బ ముందు వస్తుంది. ఆ ఒక్క పిల్లరు మిగతావాటి వంతు కూడా మోయబోయి ముందు విరుగుతుంది.

పెదనాన్న ఆ ఫ్లాట్ విషయం కొన్నాళ్లు ఆపాడు. లిఫ్ట్ గోడ ఇటుకే. అమ్మే ఆయన డ్రాయింగులు దొరకలేదన్నాడు. ఇంట్లో నన్ను "కొనేవాణ్ణి కాదు, కొననిచ్చేవాణ్ణి కాదు" అని తిట్టారు, అది వేరే సంగతి.

ఇప్పటికే అలాంటి బిల్డింగ్‌లో ఉన్నవాళ్ల సంగతి? కంగారు పడి ఇల్లు అమ్ముకోకండి. ములుగు భూకంపానికీ భుజ్‌కీ తేడా 2.4 పాయింట్లు కనిపిస్తుంది, కానీ విడుదలైన శక్తిలో అది సుమారు 4000 రెట్ల తేడా. మన దగ్గర భుజ్ లాంటిది వస్తుందని నేను అనట్లేదు. అలాగే మొన్నటి ఊపుకి ఆగింది కాబట్టి మా బిల్డింగ్ పాసైపోయింది అని కూడా అనుకోకండి. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. అప్పుడు అక్కడ స్టిల్ట్ పార్కింగ్ అపార్ట్‌మెంట్లు లేవు. ఇప్పుడు గోదావరి, కృష్ణా పక్కనున్న ప్రతి టౌన్‌లోనూ ఉన్నాయి.

చేయగలిగింది ఉంది. పార్కింగ్‌లో కార్లకి అడ్డం రాని కొన్ని చోట్ల పిల్లర్ల మధ్య కాంక్రీట్ గోడ పోయొచ్చు, లేదా ఇంటూ గుర్తు ఆకారంలో స్టీల్ బ్రేసింగ్ బిగించొచ్చు. పిల్లరు చుట్టూ కొత్త రాడ్లు, దగ్గర దగ్గర రింగులు కట్టి లావు చేయొచ్చు, దాన్ని జాకెటింగ్ అంటారు. ఏది, ఎక్కడ, ఎంత అనేది స్ట్రక్చరల్ ఇంజినీరే లెక్కేసి చెప్పాలి. మేస్త్రిని పిలిచి "రెండు గోడలు కట్టెయ్" అంటే ఇందాక చెప్పిన సగం గోడ లాంటి కొత్త సమస్య తెచ్చుకుంటారు. డ్రాయింగులు లేకపోయినా పని ఆగదు. పిల్లరు పగలగొట్టకుండానే లోపల రాడ్లు, రింగులు ఎంత దూరంలో ఉన్నాయో చూపించే మీటర్లు ఉన్నాయి, కాంక్రీట్ పైభాగం ఎంత గట్టిగా ఉందో అంచనా వేసే హ్యామర్ టెస్ట్ ఉంది. అసోసియేషన్ మీటింగ్‌లో గేటుకి రంగులు, లిఫ్టుకి కొత్త లైట్లు అని చర్చ వచ్చినప్పుడు ఈ మాట కూడా ఒకసారి ఎత్తండి. ఖర్చు ఫ్లాట్ల వారీగా పంచుకుంటారు కాబట్టి ఒక్కరి మీదే పడదు. ఐఐటీ కాన్పూర్ వాళ్లు భూకంపాల గురించి బొమ్మలతో రాసిన చిన్న చిన్న పాఠాలు నెట్‌లో ఫ్రీగా ఉన్నాయి, పార్కింగ్ అంతస్తు మీద కూడా ఒకటుంది. మీటింగ్ వాట్సాప్ గ్రూప్‌లో నా వీడియో కంటే అది పెడితే పెద్దవాళ్లు వింటారు.

మీ పార్కింగ్ ఫోటోలు నాకు పంపి "అన్నా ఇది సేఫేనా" అని మాత్రం అడగొద్దు. రింగు కొక్కెం ఫోటోలో కనపడదు. టకోమా బ్రిడ్జి గాలికి ఎలా ఊగి విరిగిందో చాలామంది అడిగారు. దాన్ని కూడా ఉయ్యాల లెక్కతోనే చెప్పేస్తుంటారు కానీ అక్కడ జరిగింది వేరు, దానికి ఒక ఎపిసోడ్ మొత్తం కావాలి. వచ్చే వారం అదే. ఉంటాను మరి.